ఖతార్‌లో లేని మిషను

నా షడ్డకుడికి దేశాల పేర్లు నేర్పింది బడి కాదు, బిట్‌కాయిన్ మిషన్లు. షడ్డకుడంటే నా భార్య అక్క మొగుడు. వయసులో నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలుస్తాను. ఉమ్ సలాల్‌లో ఒక ఖతారీ తోటలో మేకలనూ పావురాలనూ చూసుకునేవాడు. అతని ఫోన్లో ఒక మ్యాపు ఉండేది. ఫోన్లో దాచుకున్న కాయిన్లను నోట్లుగా మార్చి ఇచ్చే మిషన్లు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో నారింజ రంగు చుక్కలు పెట్టి చూపిస్తారు. శుక్రవారం నేను తోటకు వెళ్లేసరికి మేకల దొడ్డి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆ మ్యాపును వేలితో తోసుకుంటూ ఉండేవాడు.

"ఇదేం దేశమబ్బా, చుక్కలతో నిండిపోయిండాది?"

"స్పెయిను."

"ఇదో?"

"పోలండు. ఏందన్నా, పోతావా ఏంది ఆడికి మేకల్ని తోలుకోని?"

ఖతార్ మీద మాత్రం ఒక్క చుక్క లేదు. వేళ్లతో ఎంత పెద్దది చేసి చూసినా రోడ్లు, మసీదులు, మాల్స్ కనబడేవి గానీ నారింజ రంగు కనబడేది కాదు. ఈ దేశంలో ఆ కాయిన్ల వ్యవహారం ఒప్పుకోరు. ఆ సంగతి అన్నకూ తెలుసు. అయినా వారానికొకసారి వెతికేవాడు, ఈ మధ్యలో ఎవడైనా ఒకటి పెట్టి ఉంటాడేమోనని.

నేను అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో వంటవాణ్ణి. ఆ ఇంటి ముసలాయన నా చేతి మచ్‌బూస్ తప్ప ఇంకొకరు వండింది ముట్టడు. ముట్టినా ఉమ్మేస్తాడు, వండినవాడి ఎదురుగానే. బియ్యం, మాంసం కలిపి వండే ఆ వంట బాగా కుదిరిన రోజున ఆయన నన్ను ఏమీ అనడు. నాకు దక్కే మెప్పు అంతే. అలాంటి ఇంట్లో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చినవాడికి నోరు మెత్తగా ఎలా ఉంటుంది? నా నోటి దురుసు గురించి మా అత్తగారి ఊళ్లో కూడా చెప్పుకుంటారు. అన్న మ్యాపు తీసినప్పుడల్లా నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆయనకు కోపం వచ్చేది కాదు. అది చూసి నాకు ఇంకా మండేది.

ఆ కాయిన్లు ఆయన నెత్తికెక్కింది అల్ దోహా అల్ జదీదాలోని ఒక టీకొట్టులో. మనవాళ్లు శుక్రవారం అక్కడ కూడతారు. ఊరి కబుర్లు, కంపెనీ తిట్లు, ఎవడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎంత పీనాసో పోటీలు. అక్కడికి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మాట చివర ఎప్పుడూ అండీ. అన్నను జన్మలో ఎవరూ అండీ అని పిలవలేదు. కఫీల్ పిలిచేది యల్లా, అంటే పదరా అని, ఇంట్లో పిలిచేది ఏమయ్యా అని. అక్కడే సగం పడిపోయాడు మావాడు.

మిగతా సగం పడటానికి కూడా పెద్ద కష్టమేమీ కాలేదు. ఆ పెద్దమనిషి అన్న ఫోన్లో ఒక యాప్ పెట్టాడు. అన్న ఇచ్చిన రియాళ్లు అందులో కాయిన్లు అయ్యాయి. కొన్నాళ్లకు ఆ కాయిన్లు పిల్లలు పెట్టాయి. మొదట్లో ఒకసారి అన్న కొంచెం వెనక్కి కావాలంటే జేబులోంచి తీసి నోట్లు ఇచ్చాడు, నవ్వుతూ, టీ కూడా తాగించి. ఆ తర్వాత అన్న పొదుపు మొత్తం ఆ యాప్‌లోకి పోయింది. టీకొట్టులో కూర్చునే మిగతావాళ్లది కూడా చాలామందిది పోయింది. అంతా తీసుకుంటానని అన్న అడిగిన రోజున ఆ పెద్దమనిషి ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఇక్కడ ప్రభుత్వం ఒప్పుకోదండి. అందుకని మిషన్లు పెట్టనివ్వరు. బయటి దేశాల్లో అయితే వీధికొకటి ఉంటాయండి. మీ ఫోను పట్టుకెళ్లి ఆ మిషనుకి చూపించడమే. నోట్లు వచ్చేస్తాయండి."

ఇందులో మొదటి రెండు మాటలూ నిజం. అబద్ధం ఆడేవాడు నిజాన్ని ఇంత చక్కగా వాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మేకలు కాసేవాడు బయటి దేశానికి ఎప్పుడు పోతాడు, ఎప్పుడు చూపిస్తాడు?

కానీ అన్నకు ఆ డబ్బు ఊరికే సరదాకు అక్కర్లేదు. ఎండాకాలం పోగానే ఆయన బతాకా, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు, గడువు తీరిపోతుంది. కఫీల్ ముందే అడిగాడు. పోతావా, ఉంటావా? ఉంటే ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలి. పెళ్లయినప్పటి నుంచి అన్న కాపురం చేసింది సెలవుల్లోనే. మా వదిన ఆయనకు ఏ కూర ఇష్టమో సెలవుకొకసారి మళ్లీ అడిగి తెలుసుకునేది, ఆయనకు అది కష్టంగా ఉండేది.

"ఇంక చాలబ్బా," అన్నాడొకసారి నాతో. "ఆ దుడ్లు చేతికొస్తే పోతా. మీ వదిన చేతి సంగటి తింటా ఇంట్లో పడుంటా. రాకుంటే సంతకం పెట్టాల్సిందే. వట్టి చేతుల్తో ఏ ముఖం పెట్టుకోని పోయేది?"

ఆ ఎండాకాలంలోనే నేను వండే విల్లావాళ్లు జార్జియాకు బయలుదేరారు. ముసలాయన తిండి కోసం నన్నూ తీసుకుపోతామన్నారు. ఖతార్ బతాకా ఉంటే అక్కడికి వీసా అక్కర్లేదట. నేను ఆ మాట చెప్పగానే అన్న మ్యాపు తీశాడు. ఆయనకు ఆ దేశం ముందే తెలుసు.

"తిబిలిసి. ఆడ చుక్కలు శానా ఉండాయి," అన్నాడు.

మావాళ్లలో ఎవడైనా ఊరికి పోతుంటే మిగతావాళ్లు సామాను ఇచ్చి పంపుతారు. సబ్బులు, దుప్పటి, పాలపొడి డబ్బా, ఒక్కోసారి బంగారం కూడా. ఇచ్చేవాడు రసీదు అడగడు. మోసేవాడు బరువని సణగడు. ఆ పద్ధతిలోనే అన్న తన ఫోనును ఒక బనీనులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టీకొట్టులో అందరి ఎదుట నా చేతికిచ్చాడు. తాళం తీసే అంకెలు కూడా గట్టిగా అందరికీ వినబడేలా చెప్పాడు, నేను మరిచిపోతే పక్కవాడైనా గుర్తు చేస్తాడని. ఫోను తాళం సంగతి అంతే, వీధి తలుపు తాళం చెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టు.

"ముందు మీ అన్నది కానీలే," అన్నాడు అక్కడున్న ఒకాయన. "మావి గూడ ఇంకోసారి నీ చేతికే ఇస్తాం."

ఆ యాప్ మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఆ సంగతి పదిసార్లు చెప్పాను. అయినా తీసుకున్నాను, సామాను వద్దనే అలవాటు మాలో ఎవరికీ లేదు కాబట్టి.

జార్జియా రాజధాని తిబిలిసిలో మొదటి చుక్క దగ్గరికి వెళితే అక్కడ మందుల దుకాణం ఉంది. దుకాణం పిల్లను అడిగితే తల అడ్డంగా ఊపింది. ఇంకో చుక్క దగ్గర మిషను ఊడబీకిన గుర్తులు గోడ మీద ఉన్నాయి, అంతే. ఆ మ్యాపును ఎవడు ఎప్పుడు చేశాడో గానీ సగం చుక్కలు చచ్చినవే. ఇంట్లో ఆడవాళ్లు బజారుకు పోయి, ముసలాయన భోజనం చేసి పడుకున్న వేళల్లో నేను ఆ ఎత్తుపల్లాల వీధుల్లో చెమటలు కక్కుకుంటూ తిరిగాను. చివరికి ఒక మాల్ కింది అంతస్తులో, డబ్బు మార్చే కొట్టు పక్కన, నిజంగానే ఒక మిషను కనబడింది. ఛాతీ ఎత్తున ఉంది. కొనడానికో బొత్తం, అమ్మడానికో బొత్తం. నోట్లు వచ్చే సందులో చిన్న దీపం వెలుగుతోంది.

నిజం చెబుతున్నాను, ఆ దీపం చూసేసరికి నాకు కూడా ఆశ పుట్టింది. ఏమో, వాడు చెప్పింది నిజమేనేమో అనిపించింది.

డబ్బు మార్చే కొట్టులో ఉన్న ఆడమనిషి నా తంటాలు చూసి బయటికొచ్చింది. సాయం చేస్తే ఇంత ఇవ్వాలని వేళ్లతో చెప్పింది. సరేనన్నాను. ఆమె తన ఫోను నంబరు కొట్టి, అమ్మే బొత్తం నొక్కింది. తెర మీద నలుపు తెలుపు గళ్ల కోడు వచ్చింది. దాని ఎదురుగా ఫోను పెట్టమంది. పెట్టాను. అన్న యాప్‌లో చక్రం తిరిగింది. పచ్చ రంగు టిక్కు పడింది. కింద సక్సెస్‌ఫుల్ అని వచ్చింది. అన్న కాయిన్లన్నీ పోయి సున్నా మిగిలింది.

మిషను మాత్రం కాయిన్లు ఇంకా రాలేదు, ఆగండి అంటూనే ఉంది. ఆగాము. చాలాసేపు ఆగాము. ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ కాయిన్ పేరు చూసి, తన ఫోన్లో వెతికింది. ఎక్కడా లేదు. అలాంటి కాయినే ప్రపంచంలో లేదు.

"నో కాయిన్," అంది నాతో. "పిక్చర్. ఓన్లీ పిక్చర్."

తర్వాత ఎదురు కొట్టు ఆమెను కూడా పిలిచి చూపించింది. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. ఇద్దరూ నవ్వారు. చెడ్డ మనుషులేమీ కాదు, ఎవడో విచిత్రమైన మనిషి బొమ్మ నోటు పట్టుకుని వస్తే నవ్వినట్టు నవ్వారు. ఆమె రుసుము మాత్రం లెక్క ప్రకారం తీసుకుంది. రేపు ఎవడూ నన్ను అనుమానించకుండా ఆ మిషనునూ తెరనూ వీడియో తీసుకున్నాను. అందులో వాళ్ల నవ్వు కూడా పడింది.

నాకు మొదట కలిగింది జాలి కాదు. నేను చెప్పిందే నిజమైందన్న సంతోషం. పదిసార్లు చెప్పినా వినలేదు గదా, చూడు ఇప్పుడు అనుకున్నాను. ఆ సంతోషం మాల్ మెట్లు ఎక్కి బయటపడేలోపలే పోయింది. అన్న ప్లాస్టిక్ కుర్చీ గుర్తొచ్చింది. ఒక చెట్టు కింద కూర్చుండిపోయాను.

అన్న ఫోను నా దగ్గరే ఉంది కాబట్టి తోటలో ఆయనతో పాటు పనిచేసే బంగ్లాదేశీ ఫోనుకు కాల్ చేశాను. అన్నను పిలిపించి జరిగింది చెప్పాను. అవతల మేకలు అరుస్తున్నాయి.

"సరేలే," అన్నాడు. "నువ్వొచ్చినాక మాట్లాడదాం."

తిరిగి వచ్చిన శుక్రవారమే తోటకు పోయి ఫోను ఇచ్చాను, అదే బనీనులో చుట్టి. అన్న యాప్ తెరిచాడు. ఇంగ్లీషు రాదు గానీ పచ్చ టిక్కు అంటే ఆయనకు తెలుసు. ఇంటికి డబ్బు పంపినప్పుడల్లా చూసేది అదే.

"పచ్చగా టిక్కు పడిండాదే."

"పడింది గానీ అన్నా…"

"సున్నా అయిండాదే. యాడికి పోయినాయి మరి?"

"యాడికీ పోలా. ఉంటే గదా పోయేదానికి."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటారు. కానీ నాకు అప్పుడు కోపంగా ఉంది. అంత ఎండలో పరాయి ఊళ్లో తిరిగింది నేను, నవ్వులపాలైంది నేను. వీడియో చూపించాను. ఆయన రెండు మూడుసార్లు చూశాడు. "మిషను బాగుండాదే," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇద్దరం టీకొట్టుకు పోయాము. ఆ పెద్దమనిషి ఈపాటికి పారిపోయి ఉంటాడనుకున్నాను. లేదు, అదే మూల బల్ల దగ్గర సమోసా తింటున్నాడు. పారిపోయే అవసరం తనకు లేదని అతనికి తెలుసు. అన్న ఫోను తీసుకుని, చేతులు తుడుచుకుని, తెర మీద ఉన్నదంతా అందరికీ వినబడేలా చదివి తెలుగులో చెప్పాడు.

"పంపిన మొత్తం, ఇదిగోండి. చేరింది, సక్సెస్‌ఫుల్. తారీఖు, టైమూ ఉన్నాయి. మన వైపు నుంచి ఏ లోపం లేదండి. ఆ టైములో మిషను ముందు ఎవరున్నారో వారినే అడగాలి."

"వీడియో ఉంది," అన్నాను. "డబ్బు రాలేదని తెర మీద కనబడతాంది చూడు."

అతను ఓపిగ్గా చూశాడు. "తెర కనబడుతోందండి. నోట్లు వచ్చే సందు కనబడటం లేదు కదా. అయినా నేను ఎవరినీ ఏమీ అనడం లేదండి. ఆ నవ్వేది ఎవరండీ, తెలిసినవాళ్లా?"

నేను ఒక్కొక్కడి ముఖం చూశాను. అందరి ఫోన్లలోనూ ఆ యాపే ఉంది. నేను చెప్పింది నిజమైతే అక్కడ కూర్చున్న ప్రతివాడి ఫోనూ ఖాళీ. నేను దొంగనైతే ఒక్క అన్నదే పోయింది, మిగతా అందరివీ భద్రం. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి వాళ్లకు ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. మా జిల్లావాళ్లే, నేను సామాను మోసినవాళ్లే.

"ప్రమాణం చేయిద్దాం," అన్నాడొకడు. మా వైపు అది పద్ధతి. మాట తేలనప్పుడు గుడికి పోయి దీపం ఆర్పి ప్రమాణం చేస్తారు. తప్పుడు ప్రమాణం చేసినవాడు బాగుపడడని నమ్మకం. ఇక్కడ గుడి లేదు కాబట్టి ఒకతను ఫోన్లో దేవుడి పటం తీసి బల్ల మీద పెట్టాడు. "దాని మీద చెయ్యి పెట్టి తీయలేదని చెప్పబ్బా. ఈడితో అయిపోతాది."

నేను చెయ్యి పెట్టలేదు. లేని డబ్బు తీయలేదని దేవుడి మీద ఒట్టు ఎందుకు వేయాలి? ఇన్నేళ్లు ఎవడి బంగారం మోసినా ఒక్కడు ఒట్టు అడగలేదు. "మీ బుద్ధికి ఈ ప్రమాణమొకటే తక్కువ," అన్నాను. ఇంకా ఏవో అన్నాను. వాళ్ల తల్లిదండ్రుల దాకా పోయాను. దాంతో తేలిపోయింది వాళ్లకు. తీయనివాడైతే చెయ్యి పెట్టడానికేం? పెద్దమనిషి మాత్రం తల దించుకుని, చాలా బాధపడుతున్నవాడిలా సమోసా ముగించాడు.

అన్న లేచి బస్టాపుకు నడిచాడు.

ఆ నెలలోనే కఫీల్ అడిగిన కాగితాల మీద సంతకం పెట్టేశాడని బంగ్లాదేశీ చెప్పాడు. ఇంకో రెండేళ్లు. ఆ వార్త విని నేను ఉండలేకపోయాను. ముసలాయన కోసం వండిన మచ్‌బూస్‌లోంచి ఒక డబ్బా కట్టుకుని తోటకు పోయాను. అన్న దొడ్డి కడుగుతున్నాడు. డబ్బా చేతికిస్తే తీసుకుని, మూత తీసి వాసన చూసి, పక్కనున్న బంగ్లాదేశీకి ఇచ్చేశాడు.

"నువ్వు తినన్నా. నీకోసమే తెచ్చినా."

"నా దుడ్లతో వండిందేమో, ఎట్ల తినేది?"

తిట్టినా బాగుండేది. ఆయన మామూలుగా అన్నాడు, నీళ్లు పడుతూనే.

"అన్నా, వాడు నిన్ను ముంచినాడు. ఆడ ఒక్క కాయిన్ గూడ లేదు. వానికి నువ్విచ్చిన రోజే పోయినాయి. ఎన్నిసార్లు చెప్పాల?"

ఆయన పైపు కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ ముఖంలో కోపం వెతికాను, దొరకలేదు. నేను ఏదో మంకుపట్టు పట్టానన్నట్టు, ఆ పట్టు తనే విడిపించాలన్నట్టు చూశాడు.

"వాడు ముంచింటే నా దుడ్లు ఇంక లేనట్టే గదా," అన్నాడు. "నువ్వు తీసింటే యాడనో ఒక చోట ఉంటాయి. ఇయ్యాల కాకుంటే రెండేండ్లకు ఇస్తావు. నీకూ బిడ్డలుండారు."

ఆ రోజు మిషను బాగుందని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. నేను దొంగను కాదని గెలిస్తే ఆయనకు ఏమీ మిగలదు. ఆయన రెండేళ్ల సంతకం పెట్టింది మేకల కోసం కాదు, నా మనసు మారే దాకా ఇక్కడే ఉందామని. బంగ్లాదేశీ ఖాళీ చేసిన డబ్బా తీసుకుని వచ్చేశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే నా భార్య కాల్ చేసింది. వాళ్లక్క అన్నం మానేసి ఏడుస్తోందని చెప్పింది. ఊరంతా అడుగుతున్నారని చెప్పింది. నేను అన్నీ మొదటి నుంచి చెప్పాను, టీకొట్టు, మిషను, పచ్చ టిక్కు, నవ్విన ఆడవాళ్లు. ఆమె మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా వింది. ఒకరైనా విన్నారు కదా అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా అయ్యాక తలుపు మూసిన చప్పుడు వినబడింది. గొంతు తగ్గించింది.

"నాకన్నా నిజం చెప్పయ్యా. ఏడ పెట్టినావు?"

"నేను తీయలేదే. దేవుని తోడు తీయలేదు."

"సరేలే, ఫోన్లో వద్దు," అంది. "మా అక్కకు సగమన్నా ఇద్దాం. మొత్తం మనమే పెట్టుకుంటే బాగుండదు."

ఆ గొంతులో కోపం లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో అంత గౌరవంగా మాట్లాడింది అదే మొదటిసారి.